నిగేషన్ యాజ్ ఫెయిల్యూర్ గారికి, హనుమకొండ నుంచి

మహారాజశ్రీ నిగేషన్ యాజ్ ఫెయిల్యూర్ గారికి,

తర్కంతో ప్రోగ్రాములు రాసే కంప్యూటర్ భాష ప్రోలాగ్ క్లాసులో, మనిషి కాదు నియమమైన మిమ్మల్ని ఏళ్ల తరబడి పిల్లలకు పరిచయం చేస్తున్నదాన్ని. ఒక మాటను నిరూపించబోయి చేతకాకపోతే అది అబద్ధం కిందే లెక్క అంటారు మీరు. 1978లో కంప్యూటర్ శాస్త్రవేత్త కీత్ క్లార్క్ మీకు ఒక పద్ధతి ఏర్పరిచారని కూడా చెబుతుంటాను. మా పింఛను కౌంటర్ దగ్గర కూడా మీరు డ్యూటీ చేస్తున్నారని నిన్నటిదాకా తెలియదు.

మా అత్తమ్మవి బీడీలు చుట్టి చుట్టి అరిగిపోయిన వేళ్లు. మిషన్ మీద బొటనవేలు పెడితే ఎర్రలైటు. కొంగుకు తుడిచి పెట్టినా ఎర్రలైటే. ముద్ర పడలేదు కాబట్టి మనిషి లేదు. ఆ లేని మనిషి స్టూలు మీద కూర్చొని "నేను ఈడనే ఉన్న గద బిడ్డా" అంటున్నది.

కౌంటర్‌లో ఉన్నాయనకు ఆధార్ చూపించాను. "సిస్టమ్ తీసుకుంటలేదు మేడమ్." పాస్‌బుక్ చూపించాను. "సిస్టమ్ తీసుకుంటలేదు." మనిషి ఎదురుగానే ఉంది కదా సార్ అన్నాను. "సిస్టమ్ తీసుకుంటలేదు." మళ్లీ ఆధార్ ఎత్తబోతే "చెప్పిందే చెప్పకండి మేడమ్" అన్నాడు.

అక్కడ కాలింది నాకు. ఎందుకంటే ఈ ఆట నాకు తెలుసు. 1997లో ప్రాకెన్, సార్టర్ అనే ఇద్దరు పరిశోధకులు కట్టిన వాదనల ఆటలో ప్రపోనెంట్ (మాటను నిరూపించాల్సిన పక్షం) వేసిన ఎత్తు మళ్లీ వేయకూడదు, ఆపొనెంట్ (కాదనే పక్షం) వేయొచ్చు. పైగా ప్రపోనెంట్ అవతలి వాదనను పూర్తిగా పడగొట్టాలి, ఆపొనెంట్‌కు సరిసమానంగా నిలబడితే చాలు. రుజువు భారం ఒకరి మీద ఉండాలి కాబట్టి ఆ నియమం సబబే అని నేనే పాఠం చెప్పాను. ఆ భారం అరిగిన బొటనవేలి మీద పడుతుందని పాఠంలో లేదు. 1995 నాటి పేపర్‌లో ఫాన్ మిన్ డుంగ్ అనే పరిశోధకుడు ఇలాంటి వాదనల లెక్కతోనే, ఎవరికి ఎవరిని జోడిస్తే జంటలు చెదరకుండా నిలుస్తాయనే పెళ్లి జోడీల చిక్కు కూడా విప్పి చూపించారు. పింఛను చిక్కు ఆయన దాకా పోలేదు పాపం.

(జిరాక్సులు, లంచ్ టైము, సర్వర్ డౌన్ గురించి వేరే ఉత్తరం రాస్తాను.)

నిజానికి మీ మీద కోపం లేదండీ. మీరు "లేదు" అన్నా, కొత్త ఫ్యాక్ట్ ఒక్కటి చేర్చగానే నామోషీ లేకుండా మాట వెనక్కి తీసుకుంటారు. పక్షి కాబట్టి ఎగురుతుంది అన్న నోటితోనే, పెంగ్విన్ అని తెలిస్తే ఎగరదంటారు. మీలో ఉన్న మర్యాదంతా అదే. మరి ఆ సగం వదిలేసి, "లేదు" అనే సగాన్నే ఎవడండీ ఆ మిషన్‌లోకి ఎక్కించింది? బతికున్న మనిషి ఎదురుగా కూర్చుంటే చేర్చుకోవడానికి ఒక్క గడి కూడా పెట్టరా? 2,016 రూపాయల కోసం ఎనభై దాటిన ఆమె తాను బతికే ఉన్నానని వాదించాలా?

రేపు ఆమెను తీసుకొని మళ్లీ పోతున్నాను. చెప్పిందే చెబుతాను. ఆట నియమాలకు విరుద్ధమైతే కేసు పెట్టుకోండి.

ఇట్లు,
ప్రపోనెంట్