దేవుణ్ణి నమ్మనని చెప్పిన నాయకుడి మాట నమ్మకూడదా?

ఎన్నికలు దగ్గరపడితే ఒక మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలవుతుంది. ఈసారి నాకు మూడు వైపుల నుంచి వచ్చింది. సారాంశం ఇది: "దేవుడంటే భయం లేని నాయకుడికి ఇక దేనికీ భయం ఉండదు. అతని ప్రమాణానికి విలువ లేదు. నమ్మకం లేకపోతే మనసులో దాచుకోవాలి, బయటికి చెప్పడం భక్తులను అవమానించడమే. అలా చెప్పుకున్నవాడు ఎలాగూ గెలవడు."

నేను దేవుణ్ణి నమ్ముతాను. రోజూ దండం పెట్టుకునే మనిషిని. ఆ మెసేజ్‌లో ఒక్క వాక్యం కూడా నిలబడదని, నమ్మే మనిషిగానే అంటున్నాను.

ముందు ప్రమాణం సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతా మెసేజ్ అంతా దాని మీదే ఆధారపడింది. 1880లో ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్ నుంచి చార్లెస్ బ్రాడ్లా పార్లమెంటుకు గెలిచాడు. బహిరంగ నాస్తికుడు. దేవుడి పేరు లేకుండా మాట ఇస్తానని అడిగితే కుదరదన్నారు. సరే, అందరిలాగే దేవుడి పేరుతోనే ప్రమాణం చేస్తానంటే, "నువ్వు నమ్మవు కదా, అది చెల్లదు" అన్నారు. ఒక రాత్రి పార్లమెంటు గడియార స్తంభంలో ఖైదు చేశారు కూడా. సీటు ఖాళీ అయిందని ఎన్నిక పెట్టిన ప్రతిసారీ నార్తాంప్టన్ ప్రజలు మళ్ళీ ఆయన్నే పంపారు. చివరికి 1886లో ఆయన్ను ప్రమాణం చేయనిచ్చారు. దేవుడి పేరు లేకుండా మాట ఇచ్చే హక్కును 1888లో చట్టం చేయించాడు.

ఈ కథలో నన్ను కలచివేసేది ఒక్కటే. బ్రాడ్లా తన అవిశ్వాసం గురించి ఎప్పుడూ నోరు విప్పకుండా ఉండి ఉంటే, మొదటి రోజే లోపలికి వెళ్ళిపోయేవాడు. అదే సభలో మనసులో ఏ నమ్మకమూ లేకుండా పెదవులతో ప్రమాణం చేసినవాళ్ళు ఎందరున్నారో ఎవరికి తెలుసు? వాళ్ళను ఎవరూ ఆపలేదు. దేవుడి పేరు పలికించడం అనే పరీక్షలో అబద్ధం చెప్పేవాడు నెగ్గుతాడు, నిజం చెప్పినవాడు ఓడిపోతాడు. అలాంటి పరీక్ష పెట్టి నిజాయితీపరులను ఏరుకుంటామంటే ఎలా?

మన రాజ్యాంగం రాసినవాళ్ళకు ఇది బాగా తెలుసు. మూడో షెడ్యూల్లో రెండు దారులూ ఉంచారు: దైవసాక్షిగా ప్రమాణం చేయవచ్చు, లేదా దేవుడి పేరు లేకుండా నిష్ఠతో మాట ఇవ్వవచ్చు. మంత్రులు ఏ దారిన చేసినా "అంతఃకరణ శుద్ధితో" విధులు నిర్వర్తిస్తాననే మాట మాత్రం అందరికీ ఒకటే. 1949 అక్టోబర్ 17న రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ రాజ్యాంగ పీఠికను దేవుడి పేరుతో మొదలుపెట్టాలని సవరణ తెచ్చారు. 41 మంది అనుకూలంగా, 68 మంది వ్యతిరేకంగా ఓటేశారు. ఆ 68 మందిలో అందరూ నాస్తికులేం కాదు. నమ్మకాన్ని బలవంతంగా రుద్దకూడదనే వాదన ఆ రోజు సభలో వినిపించింది.

ఇక భయం. దేవుడంటే భయం ఉన్నవాడు తప్పు చేయడనేది నిజమైతే, మొక్కు తీర్చుకుంటే పాపం లెక్క సరిపోయిందనుకునే నాయకులు మనకు ఉండకూడదు. మెసేజ్ పంపినవాళ్ళు సోవియట్ నియంత స్టాలిన్ పేరు కూడా తెస్తారు. స్టాలిన్ నాస్తికుడే, క్రూరుడే, కాదనను. దేవుడి పేరు చెప్పి మనుషులను చంపించిన పాలకులూ చరిత్ర నిండా ఉన్నారు. ఈ ఇద్దరినీ ఆపలేకపోయింది ఒకే లోటు: అడిగే కోర్టు లేదు, రాసే పత్రిక లేదు, దించే ఓటు లేదు. నాయకుడికి ఉండాల్సిన భయం అక్కడిది.

గెలవరన్న మాటకు జవాబు జరిగిన ఎన్నికలే. కరుణానిధి తన హేతువాదాన్ని ఎప్పుడూ దాచుకోలేదు. గుళ్ళకు పేరుపడ్డ తమిళనాడులో 1957 నుంచి 2016 వరకు 13 సార్లు అసెంబ్లీకి నిలబడి ఒక్కసారి కూడా ఓడలేదు. కాథలిక్కులు ఎక్కువగా ఉన్న చిలీలో, దేవుడున్నాడో లేడో తెలియదనే మిషెల్ బాచిలెట్ రెండుసార్లు దేశాధ్యక్షురాలయ్యారు. ఆస్ట్రేలియా ప్రధాని అయిన కొద్ది రోజులకే జూలియా గిలార్డ్ తనకు దేవుడి మీద నమ్మకం లేదని రేడియోలో చెప్పారు, లేని విశ్వాసాన్ని నటించనన్నారు.

నష్టం లేదని మాత్రం అనను. మంచి అర్హత ఉన్న నాస్తికుడికి ఓటేస్తారా అని గాలప్ సంస్థ అమెరికన్లను అడిగితే, 1958లో వేస్తామన్నది 18 శాతమే. 2019 నాటికి అది 60కి చేరింది. మిగిలినవాళ్ళు ఇప్పటికీ తక్కువేం కాదు. కానీ దాచుకున్నంత మాత్రాన గట్టెక్కుతారా? 1985లో బ్రెజిల్‌లోని సావో పాలో మేయర్ పదవికి పోటీ చేసిన ఫెర్నాండో కార్డోజోను టీవీ చర్చలో "దేవుణ్ణి నమ్ముతారా?" అని అడిగారు. ఆయన ఔననలేదు, కాదనలేదు. ఆ ప్రశ్న అడగనన్నారు కదా అని నొచ్చుకున్నారు. స్వల్ప తేడాతో ఓడిపోయారు. నాన్చిన ఆ జవాబు ఆయనకు ఏ మేలూ చేయలేదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది "అవమానం" అన్న మాట. నేను నమ్మే దేవుణ్ణి పక్కింటాయన నమ్మకపోతే నా దేవుడికేం తక్కువ? నిజంగా నా భక్తికి అవమానం జరిగేది కెమెరాలు వచ్చేదాకా ఆగి కళ్ళు మూసుకునే నాయకుణ్ణి చూసినప్పుడు. నమ్మకం లేనివాళ్ళను నోరు మూసుకోమని మనమే ఒత్తిడి పెడితే, వాళ్ళలో కొందరు నటించడం నేర్చుకుంటారు. అప్పుడు ఎవరి దండం నిజమో, ఎవరిది ఓటు కోసమో చెప్పలేక నష్టపోయేది మనమే, భక్తులమే.

నెహ్రూ 1954లో వీలునామా రాశారు. చనిపోయాక తనకు ఏ మతకర్మలూ చేయవద్దని, నమ్మకుండా లాంఛనానికి ఒప్పుకోవడం కపటమవుతుందని, మనల్నీ ఇతరులనూ మోసగించడమవుతుందని అందులో స్పష్టంగా చెప్పారు. అదే వీలునామాలో తన చితాభస్మం పిడికెడు గంగలో కలపమని కోరారు. అందులో మతపరమైన అర్థం ఏమీ లేదంటూనే, చిన్ననాటి నుంచి ఆ నదితో తనకున్న అనుబంధం గురించి, ఈ దేశ ప్రజల ఆశలూ భయాలూ ఎలా దానితో పెనవేసుకున్నాయో ఎంత ప్రేమగా రాశారో చదవండి. గంగకు మొక్కే నాకు ఆ పేరాలు చదివితే గొంతు పట్టేస్తుంది. ఇందులో అవమానం ఎక్కడుందో నాకెవరైనా చూపించాలి.

1964 మేలో ఆయన పోయినప్పుడు, వద్దన్న ఆ మతకర్మలే చేశారు. భక్తుల మనసు నొచ్చుకుంటుందనే అలా చేశారేమో. నా మనసైతే నొచ్చుకునేది కాదు.