లడ్డూ మనకు ప్రసాదం, కుక్కకు కాదు

తిరుపతిలో ఏ ఇంటికి చుట్టాలొచ్చినా చేతిలో లడ్డూ కవరుంటుంది. కుక్క తోకాడించగానే ఒక ముక్క విరిచి నోట్లో పెట్టేస్తారు. వద్దంటే మొహం మాడ్చుకుని "ప్రసాదానికి కూడా అడ్డమేనా" అంటారు. భక్తికి అడ్డం చెప్పడం లేదు సామీ, అందులో ఎండుద్రాక్ష ఉంది!

ద్రాక్ష ఎండుదైనా పచ్చిదైనా కుక్క కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఇంత తింటే ఫర్వాలేదనే లెక్క లేదు. ఒకటి గుప్పెడు తిని హాయిగా తిరుగుతుంది, ఇంకోటి నాలుగు పలుకులకే పడకేస్తుంది. కాబట్టి "మావాడు ఎప్పుడూ తింటాడులే" అన్న మాటకు విలువ లేదు. టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని 2021లో అమెరికా పశువైద్యులు చెప్పారు. పండును బట్టి దాని పాళ్లు మారతాయి. అదే ఆమ్లం మన చింతపండులో దండిగా ఉంది, అంటే పులిహోరా వద్దు.

తిన్న కొన్ని గంటల్లో వాంతులవుతాయి. "కక్కేసింది, పోయిందిలే" అనుకోవడమే అసలు తప్పు. ఒకటి నుంచి మూడు రోజుల్లో ఉచ్చ తగ్గిపోతుంది, అప్పటికి కిడ్నీ దెబ్బతిని ఉంటుంది. తిన్న రెండు గంటల్లోపు తీసుకెళ్తే డాక్టరు ఇంజెక్షనుతో కక్కిస్తారు. ఊళ్లోనే వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, అక్కడికో దగ్గరి డాక్టరు దగ్గరికో పరిగెత్తండి. ఏం తిన్నది, ఎంత, ఎప్పుడు, కుక్క బరువెంత, ఈ నాలుగూ చెప్పండి. ఉప్పునీళ్లు మాత్రం పట్టకండి. ఒంట్లో సోడియం పెరిగి ఫిట్స్ వస్తాయి.

గంగమ్మ జాతరప్పుడు ఇంకో గోల. కూరలో ఉడికిన ఎముక పుల్లల్లా చీలి పేగును గుచ్చుతుంది. ఉల్లి, వెల్లుల్లి ఉడికినా విషమే. ఎర్ర రక్తకణాలు పగిలి, కొన్ని రోజులకు చిగుళ్లు తెల్లబడతాయి, ఉచ్చ కాఫీ రంగుకు తిరుగుతుంది. పిల్లులకైతే ఇంకా తక్కువే చాలు. మామిడి టెంక పేగుకు అడ్డం పడుతుంది. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లో చక్కెరకు బదులు వేసే జైలిటాల్ ఉంటే అరగంటలోనే కుక్క తూలిపోవచ్చు.

పెట్టి తీరాలనే చుట్టాలకు ఉప్పు, కూర తగలని రాగి సంగటి నిమ్మకాయంత ముద్ద చేసి గుమ్మంలోనే చేతికివ్వండి. లడ్డూ కవరు ఫ్రిజ్ మీదికి ఎక్కించండి. సోఫా మీద వదిలితే కవరుతో సహా మింగుతుంది, అప్పుడు ఆపరేషన్ దాకా పోవాల్సి రావచ్చు.