కంబళి ఉన్నితో స్వెట్టర్ ఎందుకు?

'మా ఊరి గొర్రెల ఉన్నితోనే స్వెట్టర్లు అల్లుతున్నాం' అంటే ఇప్పుడు ఇట్టే మెప్పు దొరుకుతుంది. అనంతపురం జిల్లాలో గొర్రెలు కాసే కురుబలు తరతరాలుగా కంబళ్లు నేస్తున్నారు కాబట్టి డిజైనర్లకు ఆ ఆశ పుట్టడం సహజమే. నాకు మాత్రం ఇది తలకిందుల పనిలా కనిపిస్తుంది. ముందు బొమ్మ గీసుకుని, తర్వాత దానికి ఉన్నిని లొంగదీస్తున్నారు.

ఆ కంబళ్లకు వాడే దక్కనీ జాతి గొర్రె ఉన్ని ముతక. మెత్తటి స్వెట్టర్లకు వాడే మెరినో జాతి గొర్రె ఉన్ని పోగు మందం 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూఇటూ ఉంటే, దీనిది 30 దాటుతుంది. ఒంటికి తగిలితే గుచ్చుకుంటుంది. కంబళికి ఆ మొరటుతనమే బలం. చింతపిక్కల గంజి పట్టించిన పడుగు (నిలువు దారాలు), బిగువైన నేత కలిసి వానకూ చలికీ ఓర్చుకుంటాయి. అల్లికలో దారం వదులుగా మెలికలు తిరుగుతుంది, సాగుతుంది. అందుకే ఈ ఉన్నితో సంచి, కూర్చునే చాప, మహా అయితే చొక్కా మీద తొడిగే చేతుల్లేని కోటు అల్లితే నప్పుతుంది. అరచేతి వెడల్పు ముక్కలు రెండు మూడు సైజుల సూదులతో అల్లి, ఉతికి, ఆరేసి, ఎంత సాగిందో చూస్తే డిజైన్ అక్కడే మొదలవుతుంది. నలుపు, గోధుమ రంగు ఉన్నిలోనే ఉన్నాయి, అద్దకం అక్కర్లేదు. ఒక మంద నలుపు ఇంకో మందలో ఉండదు, ఆ తేడానే చారలుగా వాడుకోవచ్చు.

అయినా కడప ఎండల్లో స్వెట్టర్ ఎవరికి కావాలి? ఇక్కడ ఒంటికి పత్తే హాయి. ఆదోనిలో పెద్ద పత్తి మార్కెట్టే ఉంది. పట్టు దారం తీశాక మిగిలే వ్యర్థాన్ని వడికి పత్తితో కలిపినా జాకెట్లకు మంచి ఒంపు వస్తుంది.

ఇంట్లో క్రోషియా అల్లే ఆడవాళ్లు యాక్రిలిక్ వాడితే నేను తప్పుపట్టను. షాపులో చవగ్గా, రంగురంగులుగా దొరికేది అదే. అది ప్లాస్టిక్కే, ఉతికినప్పుడల్లా సన్నటి పోగులు నీళ్లలో కలుస్తాయి. కానీ ఉన్ని మెత్తబడాలని యాక్రిలిక్ కలిపి, పర్యావరణం పేరుతో అమ్మడం ఇంకా అన్యాయం. ఆ రెంటినీ మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. ఒకే రకం పోగుతో, కత్తిరించకుండా ఒంటి కొలతకే అల్లిన బట్టనైతే విప్పి ఆ దారంతో ఇంకోటి అల్లుకోవచ్చు.

అసలు చిక్కు ధర దగ్గరుంది. కాపరులకు ఇప్పుడు మాంసం మీదే లాభం. నెల్లూరు జాతికి ఒంటి మీద ఉన్ని ఉండదు, వెంట్రుకే. దాంతో సంకరం చేసిన కొద్దీ ఉన్ని తగ్గుతుంది. కత్తిరింపు కూలికి కూడా చాలని రేటుకు ఉన్ని కొని, షోరూంలో వేలల్లో అమ్మితే దక్కనీ మందల్ని ఎవరు ఉంచుకుంటారు? డిజైనర్ పేరుండే ఆ లేబుల్ మీద కాపరికి కిలోకి ఎంతిచ్చారో, వడికిన వాళ్లకు ఎంత ముట్టిందో కూడా అచ్చు వేయమనండి.