గాగుల్స్ అక్కర్లేదని చెప్పే ఆ స్క్వాష్ మెసేజ్ పంపడం ఇక ఆపండి

"మహానగరానికి వెళ్తున్నారా? స్క్వాష్ ఆడటానికి ఏడు సూత్రాలు" అనే మెసేజ్ ఈ వారం మళ్లీ తిరగడం మొదలైంది. కాజీపేట గ్రూపులో వచ్చింది, పాత కాలేజీ గ్రూపులో వచ్చింది, ఆఖరికి మా బావ కూడా "నీకు పనికొస్తది చూడు" అని పంపాడు. పంపేవాళ్లది మంచి మనసే, కాదనను. మన హన్మకొండ, వరంగల్ వైపు స్క్వాష్ కోర్టు, అంటే నాలుగు గోడల మధ్య రాకెట్‌తో గోడకు బంతి కొట్టి ఆడే గది, దొరకడం గగనం కాబట్టి, పని మీద హైదరాబాదో చెన్నయో వెళ్లినప్పుడు ఓ గంట ఆడుకుందామని బట్టల మధ్య రాకెట్ పెట్టుకుని బయల్దేరేవాళ్లం కొందరం ఉన్నాం. సరిగ్గా మాలాంటివాళ్ల కోసమే రాసినట్టు కనిపించే మెసేజ్ ఇది. కానీ అందులో సగం మాటలు నమ్ముకుంటే టైమూ ఆటో కిరాయీ దండగ, ఒక మాట నమ్ముకుంటే కన్నే పోవచ్చు. అందుకని వరసగా చెప్తున్నా.

మొదటి సూత్రం: "ఏ ఫైవ్ స్టార్ హోటల్‌కైనా వెళ్లి డబ్బులు కడితే ఆడనిస్తారు." ఆడనివ్వరు. కోర్టు ఉన్న హోటళ్లు కొన్నే, ఉన్నచోట కూడా మామూలుగా అక్కడ దిగినవాళ్లకో, వాళ్ల హెల్త్ క్లబ్ సభ్యులకో తప్ప దారిన వెళ్లేవాళ్లకు ఇవ్వరు. హోటల్ కంటే ప్రభుత్వం నడిపే క్రీడా ప్రాంగణాలను వెతకడం మేలు. ఢిల్లీలో 2010 కామన్వెల్త్ క్రీడల స్క్వాష్ పోటీలు జరిగిన సిరి ఫోర్ట్ ప్రాంగణం డీడీఏ (ఢిల్లీ అభివృద్ధి సంస్థ) వాళ్లది, హోటలోళ్లది కాదు. లండన్‌లోనూ అంతే, కౌన్సిళ్ల లీజర్ సెంటర్లలో గంటకో ముప్పావు గంటకో కోర్టు బుక్ చేసుకోవచ్చు. వెళ్లే ముందు ఫోన్ చేసి, సభ్యులు కానివాళ్లకు ఏ వేళల్లో ఇస్తారో కనుక్కోండి. సాయంత్రం ఆరు దాటాక ఎక్కడైనా రద్దీయే, మధ్యాహ్నం అడిగితే దొరికే అవకాశం ఎక్కువ.

రెండోది: "మ్యాప్‌లో స్క్వాష్ అని కొడితే చాలు, అన్నీ కనిపిస్తాయి." కనిపిస్తాయి, స్క్వాష్ కానివి కూడా! ఈమధ్య అద్దాల గోడలతో మెరుస్తున్న పాడెల్ అనే ఇంకో రాకెట్ ఆట కోర్టుల ఫొటోలు చూసి స్క్వాష్ అనుకునేవాళ్లు ఎక్కువయ్యారు. పాడెల్ కోర్టు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, మధ్యలో నెట్ ఉంటుంది. మన స్క్వాష్ కోర్టు 9.75 మీటర్ల పొడవు, 6.4 మీటర్ల వెడల్పు. పిల్లల దగ్గరికి డల్లాసో న్యూజెర్సీయో వెళ్లేవాళ్లకు ఇంకో చిక్కుంది. అక్కడి జిమ్ముల్లో కనిపించే కోర్టుల్లో చాలావరకు రాకెట్‌బాల్‌వి. అది 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, పైకప్పుకు కొట్టినా ఆటే, ముందు గోడ కింద టిన్ (బంతి తగిలితే తప్పుగా లెక్కేసే అడుగు పట్టీ) ఉండదు. టిన్ లేనిచోట ముందు గోడకు కిందగా, మెల్లగా వేసే మన డ్రాప్ షాట్ తప్పో ఒప్పో ఎలా తెలుస్తుంది? కాబట్టి ఫోన్ చేసినప్పుడు "స్క్వాష్ కోర్టు ఉందా" అని అడగకండి, ఎవరైనా ఉందనే అంటారు. "ముందు గోడకు టిన్ ఉందా, కింద చెక్క ఫ్లోరేనా" అని అడగండి. అవతలి మనిషి తడుముకుంటే మీకు సంగతి అర్థమవుతుంది.

మూడోది: "క్లబ్బుల్లో బయటివాళ్లను రానివ్వరు, అడగడమే దండగ." ఈ మాట వినే చాలామంది అడగకుండానే మానేస్తున్నారు. సికింద్రాబాద్ క్లబ్ గానీ, ముంబైలో క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియా గానీ సభ్యుల క్లబ్బులే, నిజమే. కానీ సాధారణంగా ఇలాంటి క్లబ్బుల్లో సభ్యుడు వెంట ఉంటే అతిథిగా లోపలికి వెళ్లొచ్చు. అతిథి రుసుము ఆ సభ్యుడి ఖాతాలో పడుతుంది, ఆ డబ్బు ఆయన చేతిలో పెట్టడం మన మర్యాద. ఇంకోటి, ఒక ఊరి క్లబ్బుకూ ఇంకో ఊరి క్లబ్బుకూ మధ్య ఒప్పందాలుంటాయి. మీ నాన్నగారో మామగారో ఏ క్లబ్బులోనైనా సభ్యులైతే, వాళ్ల ఆఫీసులో అడిగి పరిచయ పత్రం తీసుకెళ్లండి. కొన్నిచోట్ల తెల్ల బట్టలే వేసుకోవాలంటారు, అది కూడా ముందే కనుక్కుంటే గేటు దగ్గర టెన్షన్ ఉండదు.

నాలుగోది, బంతి గురించి: "రెండు పసుపు చుక్కల బంతే అసలైనది, అదే కొనండి." పెద్ద టోర్నీల్లో ఆడేది దానితోనే, నిజం. ఏళ్ల తరబడి ఆడుతున్నవాళ్లకు సరే. ఆ బంతి చల్లగా ఉంటే నేల మీద నుంచి లేవదు. గట్టిగా, ఆపకుండా కొడుతూ ఉంటే లోపలి గాలీ రబ్బరూ వేడెక్కి అప్పుడు లేస్తుంది. కొత్తవాళ్లు దాన్ని వేడెక్కించలేరు, గంట అద్దె కట్టి సగం సేపు వంగి బంతి ఏరుకుంటారు. ఒక పసుపు చుక్కదో ఎర్ర చుక్కదో తీసుకెళ్లండి. అంతే.

ఇప్పుడు అయిదోది. నాకు కోపం తెప్పించింది ఇదే. ఉన్నదున్నట్టు రాస్తున్నా: "గాగుల్స్ కొనకండి, డబ్బు దండగ. కళ్లజోడు ఉన్నవాళ్లకు అదే రక్షణ. లేనివాళ్లకూ భయం లేదు, ఇది మెత్తని రబ్బరు బంతి."

ఇది రాసినవాళ్లు ఎప్పుడైనా కోర్టులో నిలబడ్డారా? స్క్వాష్ బంతి 40 మిల్లీమీటర్లు ఉంటుంది. ఫుట్‌బాల్ వచ్చి ముఖానికి తగిలితే కంటి చుట్టూ ఉన్న ఎముక దెబ్బను కాస్తుంది. ఇంత చిన్న బంతి ఆ ఎముకల మధ్య గుంతలోకి దూరి నేరుగా కనుగుడ్డును నొక్కుతుంది. మెత్తగా ఉండటం వల్లే ఇంకా లోపలికి పోతుంది. గట్టి ఆటగాళ్లు గంటకు 280 కిలోమీటర్ల వేగం దాటించిన రికార్డు ఉంది. మనం అందులో సగం కాదు, మూడో వంతు వేగంతో కొట్టినా కన్ను తట్టుకోదు. కంటి లోపల రక్తం చేరవచ్చు, రెటీనా ఊడిపోవచ్చు, చూపు శాశ్వతంగా పోవచ్చు. పైగా బంతి ఒక్కటే కాదు, రాకెట్ అంచు కూడా ఉంది. ఇద్దరం ఒకే డబ్బాలో తిరుగుతుంటాం, బ్యాక్‌హ్యాండ్ విసురు ఎంత దూరం వస్తుందో వెనక ఉన్నవాడికి తెలియదు.

ఇక కళ్లజోడు రక్షణ అనే మాట అబద్ధం మాత్రమే కాదు, పూర్తిగా తలకిందుల మాట. మామూలు కళ్లజోడు ఫ్రేమ్ దెబ్బకు వంగుతుంది, అద్దం పగిలో ఊడిపోయో కంట్లోకే వస్తుంది. బంతి ఒక్కటే తగలాల్సిన చోట అద్దం ముక్కలు కూడా గుచ్చుకుంటాయి. అద్దాలు లేకుండా ఖాళీ ఫ్రేమ్‌తో వచ్చే పాత రకం గాగుల్స్ కూడా పనికిరావు, బంతి నొక్కుకుని ఆ సందులోంచి దూరుతుంది. కావలసింది పాలికార్బనేట్ అద్దాలున్న, రాకెట్ ఆటల కోసమే తయారైన గాగుల్స్. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు దాని మీద నుంచి తొడుక్కునేవీ ఉన్నాయి. జూనియర్ల ప్రపంచ పోటీల్లో అవి లేకుండా కోర్టులోకే దిగనివ్వరు. వాళ్లకు డబ్బు ఎక్కువై పెట్టారా ఆ నియమం?

మొన్న ఇంటర్ చదివే ఒక కుర్రాడు నాకు ఇదే మెసేజ్ చూపించి, "అన్నా, చష్మా ఉంటే చాలని రాసిండ్రు కదా" అన్నాడు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా. ఊరికి కొత్తగా వెళ్లినప్పుడు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ మీతో ఆడేది తెలియని మనిషి. ఆయన విసురు ఎంతో, కోపం ఎంతో, ఎదుటివాడు అడ్డం ఉంటే ఆగే అలవాటు ఉందో లేదో మీకు తెలియదు. అందుకని మొదలుపెట్టే ముందే మొహమాటం లేకుండా చెప్పండి: "అనుమానం వస్తే ఆపేద్దాం, లెట్ తీసుకుందాం, అంటే ఆ పాయింట్ మళ్లీ ఆడదాం." బంతి మీ వెనక్కి పోయినప్పుడు ముఖం పూర్తిగా తిప్పి చూడకండి, చాలా దెబ్బలు తగిలేది ఆ క్షణంలోనే. ఒక పాయింట్ పోతే పోయింది. ఈ అయిదో సూత్రం ఎవరు మీకు పంపినా, అది తప్పని వాళ్లకు తిరిగి రాయండి, ఊరుకోకండి.

ఆరోది: "గేటెడ్ కమ్యూనిటీలో బంధువులుంటే వాళ్ల క్లబ్‌హౌస్‌లో ఆడండి." దీన్ని కూడా చీల్చి చెండాడుదామనే కూర్చున్నాను గానీ, ఆలోచిస్తే మొత్తం మెసేజ్‌లో బంగారం లాంటి మాట ఇదొక్కటే. కొండాపూర్, గచ్చిబౌలి వైపు పెద్ద అపార్టుమెంట్ల క్లబ్‌హౌసుల్లో స్క్వాష్ కోర్టులు చాలాచోట్ల ఉన్నాయి, పగటి పూట ఖాళీగా కూడా ఉంటాయి. మన జిల్లాల వాళ్లకు హైదరాబాద్‌లో అన్నో అక్కో మేనమామో ఎవరో ఒకరు లేకుండా ఉండరు. హోటళ్లు, మ్యాపుల కంటే ముందు ఈ సలహా పెట్టాల్సింది. ఒక్కటి చూసుకోండి, కొన్నిచోట్ల కోర్టును పాత కుర్చీలు పడేసే గది చేశారు, యోగా క్లాసులకు ఇచ్చారు. అక్కకు ఫోన్ చేసి, లోపలికి వెళ్లి ఒక ఫొటో తీసి పంపమనండి. జోడీ దొరక్కపోయినా ఆ కోర్టులో ఒక్కరే పక్క గోడ వెంట తిన్నగా పోయే డ్రైవ్‌లు కొట్టుకోవచ్చు, ఈ ఆటలో ఒంటరి సాధన వృథా పోదు.

ఏడోది: "రైలు దిగిన రోజే ఆడండి, బడలిక పోతుంది. బూట్లు ఏవైనా సరే." రాత్రి వరంగల్‌లో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, సరిగా నిద్ర లేక, పొద్దున చెన్నైలో దిగి, ఆ ఉక్కలో నేరుగా కోర్టుకు పోవాలా? ఇది గుండెను పరుగులు పెట్టించే ఆట. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, చాలా రోజుల తర్వాత రాకెట్ పట్టేవాళ్లు ఈ మాట వినకండి. ఆ రోజు తిని పడుకోండి, మర్నాడు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకుని ఆడండి, ఛాతీలో ఏ కాస్త పట్టేసినట్టు ఉన్నా గేమ్ మధ్యలోనైనా బయటికి వచ్చేయండి. బూట్ల సంగతంటారా, నేల మీద మరక పడని సోల్ ఉన్నవే వేసుకోండి, రోడ్డు మీద తిరిగినవి వేసుకుంటే కోర్టువాళ్లు మిమ్మల్ని తలుపు దగ్గరే ఆపేస్తారు, ఆపాలి కూడా.