టెన్స్ వేరు, కాలం వేరు

‘రౌండ్’ ఏ భాషాభాగం? ఇంగ్లిష్ గ్రామర్ చదివినవాళ్లని అడిగితే చాలామంది తడుముకోకుండా విశేషణం అనేస్తారు. ‘ఎ రౌండ్ టేబుల్’ అన్నప్పుడు విశేషణమే. బాక్సింగ్‌లో ‘ది ఫస్ట్ రౌండ్’ అంటే మాత్రం నామవాచకం. కారు మలుపు తిరిగిందని చెప్పే ‘ది కార్ రౌండెడ్ ది కార్నర్’లో క్రియ. ‘షి టర్న్‌డ్ రౌండ్’లో క్రియావిశేషణం. మంట చుట్టూ కూర్చున్నారనే ‘దే శాట్ రౌండ్ ది ఫైర్’లో ప్రిపొజిషన్, అంటే మన విభక్తి లాంటి మాట. ఒకే మాటకి ఐదు జవాబులు వచ్చాయంటే తప్పు జవాబుది కాదు, ప్రశ్నది. వాక్యం చూపించకుండా అలా అడగకూడదు.

అయినా మనం నేర్చుకునేది ఇలాగే. మనిషి, చోటు, వస్తువు పేరు చెప్తే నౌన్, పని చెప్తే వెర్బ్ అని బట్టీ పడతాం. మరి ‘అరైవల్’ అంటే రావడం, అది పనేగా? నౌన్ ఎలా అయింది? ‘బిలాంగ్’లో ఎవరూ ఏ పనీ చెయ్యరు, అది వెర్బ్ ఎలా అయింది? ఈ తేడా ఇంగ్లిష్‌లో అర్థం చూస్తే తేలదు. ముందు ‘ది’ నిలుస్తుందా, చివర ‘ఎడ్’ అతుకుతుందా అని చూస్తే తేలుతుంది.

అసలు ఈ వర్గీకరణ ఇంగ్లిష్ కోసం పుట్టింది కూడా కాదు. క్రీ.పూ. 2వ శతాబ్దం నాటి డయొనీసియస్ థ్రాక్స్ పేరుతో ఉన్న గ్రీకు వ్యాకరణం పదాల్ని ఎనిమిది రకాలు చేసింది. విశేషణానికి అందులో విడిగా చోటు లేదు, నామవాచకంలోనే కలిసిపోయింది. రోమన్లు ఆ లెక్కని లాటిన్‌కి తెచ్చుకున్నారు. లాటిన్‌లో ‘ది’ లాంటి ఆర్టికల్ లేదు కాబట్టి ఆ ఖాళీలో ‘అయ్యో’ లాంటి ఇంటర్జెక్షన్‌ని కూర్చోబెట్టారు. ఆ తర్వాత అదే చొక్కాని ఇంగ్లిష్‌కి తొడిగారు. అక్కడక్కడా బిగుతుగా ఉండటంలో వింతేముంది?

ఇక మనవాళ్లని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది టెన్స్. ఇందులో సగం తప్పు మన అనువాదానిదే అని నా అభిప్రాయం. ఇంగ్లిష్‌లో టైమ్, టెన్స్ అని రెండు మాటలున్నాయి. తెలుగులో రెంటినీ కాలమే అన్నాం. దాంతో పాస్ట్ టెన్స్ కనబడగానే ఎప్పుడో జరిగిపోయిందనుకుంటాం. ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ నౌ’ అనే వాక్యం చూడండి. డబ్బు లేనిది ఇప్పుడు, క్రియ మాత్రం పాస్ట్‌లో ఉంది. ఆ రూపం నిన్నటి సంగతి చెప్పడం లేదు, ఇది నిజం కాదు, ఊహ అని చెప్తోంది. ‘ది ట్రెయిన్ లీవ్స్ టుమారో’లో రైలు బయల్దేరేది రేపు, క్రియ ఉన్నది ప్రెజెంట్‌లో. అసలు రూపాన్నే లెక్కలోకి తీసుకుంటే ఇంగ్లిష్‌కి ఉన్నవి రెండే టెన్సులు, ఫ్యూచర్ అనేది ‘విల్’ లాంటి మాటల సాయంతో చెప్పుకునేదే అనే భాషావేత్తలు చాలామంది ఉన్నారు.

ఇదంతా మనకి కొత్తేం కాదు. ‘వచ్చేశా, రెండే నిమిషాలు’ అని ఫోన్లో చెప్పే మనిషి ఇంకా దారిలోనే ఉంటాడు (ఒక్కోసారి ఇంట్లోంచే కదిలి ఉండడు). రూపం భూతకాలం, రావడం మాత్రం ఇకమీదట. ‘రేపు వస్తాను’, ‘రోజూ వస్తాను’ అంటాం. రెంటికీ క్రియ ఒకటే, మొదటిది భవిష్యత్తు, రెండోది అలవాటు. రోజూ వాడుతూ కూడా ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి ఇదేదో తిరకాసు అని టెన్షన్ పడతాం.

మరికొన్ని చోట్ల మన లిపే పని తేలిక చేస్తుంది. ‘అవర్’ ముందు ‘యాన్’, ‘యూనివర్సిటీ’ ముందు ‘ఎ’ ఎందుకు? ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూస్తే తికమకే. తెలుగులో రాస్తే ఒకటి అచ్చుతో, మరొకటి హల్లుతో మొదలైందని ఇట్టే తెలిసిపోతుంది. ఒకే శబ్దం మళ్లీ మళ్లీ పలికే అలిటరేషన్ (మన అనుప్రాస) కూడా అంతే, దాన్ని చెవితో పట్టుకోవాలి. ‘సిటీ’, ‘క్యాట్’ ఇంగ్లిష్‌లో ఒకే అక్షరంతో మొదలవుతాయి, శబ్దం కలవదు. ‘ఫోన్’, ‘ఫ్యాన్’ స్పెల్లింగులు వేరు, శబ్దం ఒకటే, కాబట్టి అనుప్రాస పలుకుతుంది.

సిమిలీ (ఉపమ), మెటఫర్ (రూపకం) విషయంలో ‘లైక్’, ‘యాజ్’ ఉంటే సిమిలీ, లేకపోతే మెటఫర్ అనే చిట్కా ఒకటి తిరుగుతూ ఉంటుంది. ‘షి సింగ్స్ లైక్ హర్ మదర్’లో ‘లైక్’ ఉంది. కానీ తల్లి పాటనీ కూతురు పాటనీ పోల్చడం మామూలు పోలిక, అలంకారమేమీ లేదు. వేరు జాతి వస్తువులు కలిసినప్పుడే అలంకారం. మెటఫర్ అనే మాటకి గ్రీకు మూలంలో అర్థం ఒకచోటి నుంచి మరోచోటికి మోసుకెళ్లడం. ఇవాళ్టికీ గ్రీసులో సామాన్లు తరలించే లారీల మీద ‘మెటఫొరెస్’ అని కనబడుతుంది.

అలాంటప్పుడు అడగాల్సింది లారీ పేరు కాదు, అందులో ఏ సరుకు వెళ్తోందని. మన ఆలంకారికులు ఉపమకి నాలుగు అంగాలు చెప్పారు: ఉపమేయం (దేన్ని పోలుస్తున్నామో అది), ఉపమానం (దేనితో పోలుస్తున్నామో అది), సమానధర్మం (రెంటిలో కలిసే గుణం), ఉపమావాచకం (‘లాగా’ లాంటి మాట). ‘లైక్’ కోసం వెతకడమంటే నాలుగోదాని దగ్గరే ఆగిపోవడం. అసలు విషయం మూడోదానిలో ఉంటుంది, అది భాషని బట్టి మారిపోతుంది కూడా. ఇంగ్లిష్‌లో ‘వార్మ్ వెల్కమ్’ ఆప్యాయత, ‘కోల్డ్ వాయిస్’ ముఖం చాటేసే తీరు. మనకేమో చల్లదనమే ఆదరణ. చల్లని మనసు అంటాం, చల్లని చూపు అంటాం, చల్లగా ఉండమని దీవిస్తాం. ‘హిజ్ వాయిస్ వాజ్ కోల్డ్’ని ‘ఆయన గొంతు చల్లగా ఉంది’ అని తర్జుమా చేసినవాళ్లు నాకు తగిలారు. మెటఫర్ అంటే ఏమిటని అడిగితే నిర్వచనం గడగడా అప్పజెప్పారు.