గోదావరి ఒడ్డు ఊళ్లకు పడవ దారి ఎందుకు లేదు?

వరంగల్, హనుమకొండ వాళ్లకు పడవ ఎక్కాలనిపిస్తే వెళ్లే చోట్లు అందరికీ తెలిసినవే: లక్నవరం, రామప్ప, పాకాల, ఇంకాస్త దూరమైనా ఫర్వాలేదనుకుంటే కరీంనగర్ మానేరు డ్యాం. అన్నిచోట్లా ఒకే తీరు. టికెట్ తీసుకుంటాం, లైఫ్ జాకెట్ వేసుకుంటాం, బోటు నీళ్లలో ఓ చుట్టు తిరిగి ఎక్కిన చోటే దించేస్తుంది. పిల్లలు సంబరపడతారు, ఫోటోలు వస్తాయి. కానీ దాన్ని ప్రయాణం అనలేం. ఒక ఊరి రేవులో పడవెక్కి, దారిలో ఆగిన చోట గుడో పాత కోటో చూసి, అక్కడే ఇంత తిని, సాయంత్రానికి ఇంకో ఊరి రేవులో దిగడం ఉత్తర తెలంగాణలో దాదాపుగా కుదరని పని. గోదావరి మన నేల మీద అడుగుపెట్టే కందకుర్తి నుంచి ప్రాణహిత కలిసే కాళేశ్వరం దాకా ఒడ్డు పొడుగునా బాసర, ధర్మపురి, కోటిలింగాల, మంథని లాంటి ఊళ్లున్నాయి. వీటన్నిటికీ మనం కారులోనో బస్సులోనో వెళ్తున్నాం. నదిని వంతెన మీది నుంచి చూసి దండం పెట్టుకుని దాటేస్తున్నాం.

ఈ మాట అనగానే చాలామంది ఫ్రాన్స్‌నో కేరళనో ఉదాహరణగా చూపిస్తారు. ఫ్రాన్స్‌లో 1681లో పూర్తయిన కెనాల్ దు మిది మీద ఎవరైనా పడవ అద్దెకు తీసుకోవచ్చు. లైసెన్సు అక్కర్లేదు, ఎలా నడపాలో కాసేపు చూపించి తాళం చేతికిస్తారు. గంటకు 8 కిలోమీటర్లు దాటకుండా, ఊరూరా ఆగుతూ వారం రోజులు తిరుగుతారు. ఇంగ్లండ్‌లో సన్నటి పొడవాటి పడవల మీద ఇదే పద్ధతి. అలప్పుళలో ఒకప్పుడు ధాన్యం మోసిన కెట్టువళ్లాలే ఇప్పుడు హౌస్‌బోట్లయ్యాయి. ఇవన్నీ సరుకు రవాణా నడిచిన నీటి దారులు. నీటిమట్టం మారే చోట పడవను ఎత్తి దించే లాకులు, పడవ కట్టేసుకునే గట్లు, గట్టు మీద సత్రాలు అప్పుడే ఏర్పడ్డాయి. సరుకు రైలెక్కి, లారీ ఎక్కి వెళ్లిపోయాక మిగిలిన ఏర్పాటంతా పర్యాటకులకు పనికొచ్చింది.

మన కాలువల సంగతి వేరు. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) నుంచి వచ్చే కాకతీయ కాలువ పొడవు 284 కిలోమీటర్లు. 240 కిలోమీటర్ల కెనాల్ దు మిది కంటే ఎక్కువే. హనుమకొండ శివార్లను తాకుతూ పోతుంది కాబట్టి, ఇందులోనే పడవలు వేస్తే సరిపోతుంది కదా అని అడిగేవాళ్లున్నారు. కుదరదు, కుదరకూడదు కూడా. శ్రీరాంసాగర్ పూర్తి మట్టం 1091 అడుగులు, కాలువ నీళ్లు చేరే దిగువ మానేరుది 920 అడుగులు. ఆ 171 అడుగుల తేడాను కాలువ డ్రాపులతో, అంటే నీళ్లు మెట్టులా కిందికి దూకే కట్టడాలతో, రెగ్యులేటర్లతో దిగుతుంది. ఎక్కడా లాకుల్లేవు. నీళ్లు వంతుల వారీగా వదులుతారు, యాసంగి అయిపోతే కాలువ ఎండిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, దాని గట్టు వాలు సిమెంటు లైనింగు. నీళ్లు నిండుగా పారుతున్నప్పుడు అందులో పడ్డ మనిషికి పట్టు దొరకదు. ఎస్సారెస్పీ కాలువలో ఈతకు దిగిన పిల్లల కబురు విని గుండె జారిపోని ఊరు ఈ కాలువ పొడవునా బహుశా ఉండదు. ఇది పొలానికి నీళ్లు మోసే కాలువ. దాన్ని ఆ పని చేసుకోనిద్దాం.

కాబట్టి మిగిలింది నది. గోదావరి పైభాగం పడవలకు పనికిరాదని ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. చరిత్రలో దాన్ని పరీక్షించి చూశారు కూడా. బేరారు (ఇప్పటి విదర్భలో భాగం) పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి దించాలని 1860ల్లో బ్రిటిష్ ఇంజినీర్లు పెద్ద పనే తలపెట్టారు. నదిలో రాతి పట్టీలు అడ్డుపడే మూడు చోట్లను, అంటే దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, ప్రాణహిత మీది దేవలమర్రిని, దాటించడానికి ఆనకట్టలు, పక్క కాలువలు, లాకులు కట్టాలనుకున్నారు. దుమ్ముగూడెం దగ్గర చాలావరకు పూర్తయింది. ఈలోగా రైలు నాగపూర్ చేరింది. ఖర్చు పెరిగిపోతోందని 1871లో మొత్తం పని ఆపేశారు. కాకినాడ దాకా పత్తి పడవలు నడపాలన్న ఆలోచన అలా ముగిసింది. 2016 జాతీయ జలమార్గాల చట్టం భద్రాచలం నుంచి నాసిక్ దాకా గోదావరిని మళ్లీ జలమార్గాల జాబితాలో చేర్చింది. కాగితం మీద మనకు జలమార్గం ఉంది. దాని మీద దిగే మెట్టు మాత్రం లేదు.

నిజానికి రేవులు లేకుండా పోయింది మన కళ్ల ముందే. రాయపట్నం దగ్గరైనా, కాళేశ్వరం నుంచి సిరొంచకైనా వంతెన రాకముందు మనుషులూ సైకిళ్లూ మేకలూ పడవలోనే దాటేవి. వంతెన వచ్చాక రేవుతో పని లేకపోయింది. పడవ నడిపే ఇళ్లలో పిల్లలు రామగుండానికో గల్ఫ్‌కో వెళ్లిపోయారు. వంతెన వచ్చినందుకు ఎవరూ బాధపడక్కర్లేదు. పురిటి నొప్పులతో ఉన్న మనిషిని రాత్రిపూట నది దాటించాల్సి వచ్చిన ఊళ్లకు దాని విలువ తెలుసు. కానీ రేవు పోవడంతో పాటు నదికి ఎదురుగా నిలబడ్డ ఊరు నెమ్మదిగా నదికి వీపు తిప్పింది. ఇప్పుడు మురుగు కాలువ అటు తిరిగింది, చెత్త అటు పోస్తున్నారు. రోజూ పడవెక్కే మనుషులున్న ఒడ్డున ఇంత తేలిగ్గా చెత్త పోయలేరు. పర్యాటకం కంటే ముందు రేవు తిరిగి రావాలని నేననుకోవడానికి ఇదీ ఒక కారణం.

ఏ నీటిని నమ్ముకోవాలన్నది అసలు ప్రశ్న. 2019 జూన్‌లో కాళేశ్వరం ప్రాజెక్టు మేడిగడ్డ బ్యారేజీ ప్రారంభమైనప్పుడు సుందిళ్ల, అన్నారం, మేడిగడ్డ వెనక నిలిచిన నీళ్లను చూసి మంథని, కాళేశ్వరం ప్రాంతంలో జల పర్యాటకం గురించి ఎన్నో ఆశలు పుట్టాయి. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ పియర్లు, అంటే గేట్ల మధ్య స్తంభాలు, కుంగాయి. గేట్లెత్తి నీళ్లు వదిలేయాల్సి వచ్చింది, దానితో పాటే ఆ ఆశలూ పోయాయి. ఆ బ్యారేజీల భవిష్యత్తు తేలేదాకా వాటి వెనక ఒక్క జెట్టీ కట్టినా వృథా ఖర్చే.

నమ్ముకోదగ్గవి రెండున్నాయి. ఒకటి శ్రీరాంసాగర్ వెనక జలాలు: కందకుర్తి నుంచి బాసర మీదుగా ఆనకట్ట ఉన్న పోచంపాడు వైపు. కందకుర్తిలో గోదావరి, మంజీర, హరిద్ర కలుస్తాయి. ప్రాజెక్టు నిండితే నదిలోని పాత శివాలయం మునిగిపోతుంది, నీళ్లు తగ్గాక మళ్లీ బయటపడుతుంది. నందిపేట వైపు ఒడ్డు గడ్డి మైదానాల్లో కృష్ణజింకలు, చలికాలంలో ఫ్లెమింగోలు కనిపిస్తాయి. ఇక్కడి చిక్కల్లా యాసంగి సాగుకు నీళ్లు వదులుతున్న కొద్దీ ఒడ్డు దూరమైపోవడం.

రెండోది ఎల్లంపల్లి. నాకు దీని మీదే నమ్మకం ఎక్కువ. రామగుండం దగ్గర గోదావరి మీద 20.175 టీఎంసీల జలాశయం ఇది. హైదరాబాద్ తాగునీళ్లు, రామగుండం ఎన్టీపీసీ అవసరాలు దీని మీదే ఆధారపడ్డాయి కాబట్టి దీన్ని ఎండగట్టడం ఏ ప్రభుత్వానికైనా కష్టం. నిలిచిన నీళ్లు పైకి గూడెం గుట్ట దాకా ఉంటాయి. ఎడమ ఒడ్డున గూడెం సత్యనారాయణ స్వామి, లక్షెట్టిపేట. కుడి ఒడ్డున పెద్దవాగు కలిసే చోట కోటిలింగాల. సాతవాహనుల తొలి రాజు సిముకుడి నాణేలు దొరికిన నేల అది. ఇంకా పైకి రాయపట్నం, ధర్మపురి. ధర్మపురి దాకా పడవ ఎక్కగలదా లేదా అన్నది నీటిమట్టాన్ని బట్టి, ఇసుక మేటలను బట్టి ఉంటుంది. నీళ్లు చాలని రోజు గూడెం దగ్గర దిగి రోడ్డెక్కితే సరిపోతుంది. హనుమకొండలో తెల్లవారుజామున బయల్దేరిన కుటుంబం పొద్దున్నే ధర్మపురి దర్శనం చేసుకుని, మధ్యాహ్నం కోటిలింగాల ఒడ్డున సద్ది విప్పి, సాయంత్రానికి లక్షెట్టిపేట వైపు తేలేంత దారి ఇది.

ఫ్రాన్స్‌లో లాగా పడవ తాళం ప్రయాణికుడి చేతికివ్వడం ఇక్కడ పనికిరాదు. ఎల్లంపల్లి నీళ్ల కింద ఊళ్లున్నాయి. వెల్గటూరు మండలంలో జలాశయానికి ఇళ్లూ పొలాలూ ఇచ్చి లేచిపోయిన వాళ్లున్నారు. మునిగిన గోడ ఎక్కడుంది, చింతచెట్టు మోడు ఎంత లోతులో ఉంది, ఏ బావి గడ్డ దగ్గర ఇంజను ఎత్తి పట్టుకోవాలి అన్నది మ్యాపులో దొరకదు. ఆ పొలం దున్నిన మనిషికి తెలుసు. పడవా, నడిపే మనిషీ కలిపి రోజు అద్దెకు ఇవ్వాలి. ఆ అద్దె మొదట వెళ్లాల్సింది ముంపు ఊళ్ల వాళ్లకూ, ఆ నీళ్ల మీద బతికే గంగపుత్రులకూ ముదిరాజ్‌లకూ. హైదరాబాద్ కంపెనీ ఒకటి టెండరు గెలుచుకుని ఏసీ బోటు దించి, ఆ ఒడ్డు పిల్లవాణ్ని టికెట్లు చింపే పనికి పెట్టుకోవడమే పర్యాటకాభివృద్ధి అయితే అది రాకపోవడమే మంచిది.

చేపల సొసైటీలతో ముందుగా మాట్లాడకుండా ఒక్క ఇంజనూ నీళ్లలో దించకూడదు. రాత్రి వేసిన వలలు పొద్దున్న తీస్తారు. ఇంజను రెక్క ఒక్కసారి వల మీదుగా వెళ్తే ఆ ఇంటి పెట్టుబడి పోయినట్టే. వలలు తీశాకే పడవలు బయల్దేరాలనీ, పడవల దారికి జెండాలు పాతాలనీ, గుడ్లు పెట్టే కాలంలో వాగు నోళ్ల వైపు వెళ్లకూడదనీ సొసైటీయే నిర్ణయించాలి. ఈ నియమాలు పై నుంచి వస్తే ఎవరూ పాటించరు.

ఇక భయం సంగతి. వరంగల్, హనుమకొండ వాళ్లకు పడవ అనగానే 2019 సెప్టెంబరు 15 గుర్తొస్తుంది. పాపికొండలు చూడబోయిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో కాజీపేట పక్కన కడిపికొండ నుంచి వెళ్లిన వాళ్లూ ఉన్నారు, తిరిగి రాని వాళ్లూ ఉన్నారు. ఆ ఊరి ముందు నిలబడి పడవ ప్రయాణం గురించి మాట్లాడేవాళ్లెవరైనా మాట జాగ్రత్తగా వాడాలి. ఆ రోజు గోదావరి వరదలో ఉంది. వరదలో ఉన్న నది మీద జనంతో నిండిన పెద్ద బోటును వెళ్లనిచ్చారు. ఇప్పుడు 2021 అంతర్దేశీయ నౌకల చట్టం ఉంది. ఇంజను పడవకు రిజిస్ట్రేషను, తనిఖీ, నడిపేవాడికి యోగ్యతా పత్రం, బీమా తప్పనిసరి. ఇంజను లేని నాటు పడవలను స్థానిక సంస్థల దగ్గర నమోదు చేసే వీలు కూడా అందులో ఉంది. చట్టం చాలు. చాలనిది రోజువారీ నిర్ణయం తీసుకునే మనిషి. జూన్ నుంచి అక్టోబరు దాకా రేవు మూసి ఉండాలి. మిగతా నెలల్లోనూ పైన శ్రీరాంసాగర్‌లోనో కడెంలోనో గేటెత్తితే ఆ సంగతి ఎల్లంపల్లి రేవులో ఉన్న మనిషికి అప్పటికప్పుడే అందాలి, పడవలు ఆపే అధికారమూ అతనికే ఉండాలి. 2022 జూలైలో కడెం కట్ట నిలుస్తుందా తెగుతుందా అని రాత్రంతా భయపడ్డాం. ఈ నది ఎంత త్వరగా మారుతుందో అప్పుడు చూశాం. పది మంది పట్టే చిన్న పడవలే ఉండాలన్నది కూడా ఇందుకే. పెద్ద బోటు లాభం కోసం నిండేదాకా ఆగుతుంది, నిండాక వెనక్కి తిరగడానికి వెనకాడుతుంది.

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, 2027లో గోదావరి పుష్కరాలు. 2015లో ఒడ్డు పొడుగునా ఘాట్లు కట్టారు, వెడల్పు చేశారు. పన్నెండు రోజులు లక్షల మంది మునిగారు. ఆ తర్వాత చాలా చోట్ల మెట్ల మీద ఇసుక మేట వేసింది, బట్టలు మార్చుకునే గదుల తలుపులు ఊడిపోయాయి. మళ్లీ అంచనాలు వేసే సమయం వచ్చింది. స్నానపు మెట్ల పక్కనే ఒక ఏటవాలు దారి, నీటిమట్టంతో పాటు లేచి దిగే తేలే జెట్టీ, పట్టుకుని దిగడానికి కమ్మీ, ఆడవాళ్లు వాడుకోగలిగిన మరుగుదొడ్లు, ఒడ్డున పెద్ద అక్షరాలతో రోజు మట్టం రాసే బోర్డు. ఘాటు ఖర్చుతో పోలిస్తే ఇది కొసరు. అదనంగా అడుగుతున్నది స్థిరమైన కాంక్రీటు వేదిక వద్దని మాత్రమే. ఎల్లంపల్లి నిండినప్పుడు అది మునుగుతుంది, నీళ్లు దిగినప్పుడు గాలిలో వేలాడుతుంది.

మొదటి పడవ గూడెం, కోటిలింగాల మధ్య వేయాలి. కార్తీక మాసంలో గూడెం గుట్టకు వ్రతాల కోసం జనం బారులు తీరతారు, ప్రయాణికుల కోసం ప్రచారం చేయాల్సిన పని లేదు. అప్పటికి వరద దిగి, యాసంగి మోటార్లు ఇంకా మొదలవక నీళ్లు నిండుగా, నిలకడగా ఉంటాయి. రెండు రేవులు, కొన్ని పడవలు, ఒక సొసైటీతో ఆ ఒక్క నెల నడిపి చూస్తే ధర్మపురి దాకా పొడిగించాలా వద్దా అన్నది ఆ పడవలు నడిపిన వాళ్లే చెప్తారు.