ఇనుము దగ్గర ఆగిన స్లైడు

నక్షత్రాల జనన మరణాల మీద గంటసేపు మాట్లాడమని పిలిచిన సభా నిర్వాహకుడు, నేను వేదిక ఎక్కబోతుండగా పావుగంట చాలునన్నాడు. నాకంటే ముందు మాట్లాడిన వక్త మింగేసిన సమయాన్ని నా నక్షత్రాల దగ్గర రాబట్టాలని నిశ్చయించుకున్నాడు కాబోలు, నాతో మాట మాత్రమైనా అనకుండా, నా స్లైడ్లన్నీ నాలుగేసి సెకన్లకు వాటంతటవే మారిపోయేలా కంప్యూటర్లో అమర్పించాడు.

తెరమీద ఓరియన్ నిహారిక వెలిగింది. అది సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉందనీ, అటువంటి చోట్ల చల్లని వాయువూ ధూళీ తమ బరువుకు తామే కుంగిపోతూ, నడిబొడ్డున వేడి కోటి డిగ్రీలకు చేరాక హైడ్రోజన్ హీలియంగా మారడం మొదలవుతుందనీ చెప్పి, "ఇదిగో, ఇప్పుడే పుట్టిన నక్షత్రం" అని వెనక్కి తిరగకుండానే గంభీరంగా కర్ర చూపించాను. సభ నవ్వింది. నా కర్ర మొన దగ్గర ఉన్నది, ఆయువంతా తీరి, పైపొరలను వదిలేసి, భూమి అంత పరిమాణానికి ముడుచుకుపోయిన శ్వేత కుబ్జం. 460 కోట్ల సంవత్సరాలుగా వెలుగుతూ, ఇంకా దాదాపు 500 కోట్ల సంవత్సరాలు వెలగవలసిన సూర్యుడు నా వీపు వెనకే ఉబ్బి, ఎర్రబడి, వెళ్లిపోయాడు. శ్వేత కుబ్జం ఎంత బరువు దాకా నిలవగలదో తేల్చే లెక్కను 1930లో ఓడ ప్రయాణంలో మొదలుపెట్టి, 1983 దాకా నోబెల్ కోసం ఆగిన శాస్త్రవేత్త చంద్రశేఖర్‌కు కూడా మా సభలో దక్కినవి ఆ నాలుగు సెకన్లే.

ఆ తరువాత భారీ నక్షత్రాల వంతు వచ్చింది. సూర్యుడికి 25 రెట్లు బరువున్న నక్షత్రం హైడ్రోజన్‌ను ఖర్చు చేయడానికి 70 లక్షల సంవత్సరాలు తీసుకుంటుంది. చివరి దశలో సిలికాన్ మాత్రం సుమారు ఒక్క రోజులో అయిపోతుంది. ఆపైన మిగిలిన ఇనుప గర్భం కుప్పకూలడానికి సెకను కూడా పట్టదు. సరిగ్గా "సెకనులోపు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న ఆ స్లైడు దగ్గరే ప్రొజెక్టర్ బిగుసుకుపోయింది.

కంప్యూటర్ కుర్రవాడు ఫలహారానికి వెళ్లాడట. నిర్వాహకుడు కనిపించిన మీటలన్నీ నొక్కాడు, ఒక తీగ పీకి మళ్లీ పెట్టాడు, చివరికి "మీరు కానివ్వండి" అని నాకు సైగ చేశాడు. కానిచ్చాను. ఇనుప కేంద్రకాలను కలిపితే శక్తి పుట్టదని, ఎదురు ఖర్చవుతుందని చెప్పాను. వేల కిలోమీటర్ల గర్భం చివరికి 20 కిలోమీటర్ల న్యూట్రాన్ ముద్ద అవుతుందని చెప్పాను. 1987లో మన పొరుగు గెలాక్సీ అయిన పెద్ద మెజెల్లానిక్ మేఘంలో సూపర్‌నోవా, అంటే గర్భం కూలిన భారీ నక్షత్రం పేలుడు, కనిపించినప్పుడు న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలు వెలుగుకంటే కొన్ని గంటల ముందే మనను చేరాయని చెప్పాను. చెప్పినవన్నీ అయిపోయాయి కానీ వెనక తెరమీద సెకను అవలేదు. ముందు వరుసలో ఒక పెద్దాయన "ఇంకా కూలలేదా అండీ?" అని ఎంతో మర్యాదగా అడిగారు. ఇనుము గురించి మళ్లీ మొదటినుంచి అందుకున్నాను. గంట మోగించారు, అదీ ప్రొజెక్టర్‌కు కాదు, నాకు.

వందన సమర్పణలో నిర్వాహకుడు, మన సూర్యుడు ఏదో ఒకనాడు సూపర్‌నోవాగా పేలిపోతాడన్న సత్యాన్ని నేను కళ్లకు కట్టానని కొనియాడాడు. పేలడానికి సూర్యుడికి తగినంత బరువు లేదని చెప్పడానికి లేచాను. అప్పటికే మైకు తీగ చుట్టేస్తున్నారు.